పల్లానికి కట్టిన పల్లె

ఊరంటే ఇళ్లు, వీధులు, చెరువు, గుడి అని బడి పుస్తకాల్లో ఉంటుంది. మా ఒంగోలు పక్క ఊళ్లలో ఊరంటే ముందు ఎత్తుపల్లాలు. పడమట నేల ఎత్తు, తూర్పున సముద్రం. వాన కురిస్తే నీళ్లు తూర్పుకే పారాలి. మా ఊళ్లో పడమటి కొసన మంచినీళ్ల చెరువు, శివాలయం, కరణంగారి లోగిలి. తర్వాత ఆసాముల బజార్లు. తర్వాత కుమ్మరి, మంగలి, చాకలి ఇళ్లు. ఆ తర్వాత ఒక బీడు. బీడు దాటితే మాలపల్లె, డొంక దాటితే మాదిగపల్లె. మాదిగపల్లె దాటితే వల్లకాడు. ఊరి మీద పడ్డ వాన అందరి వాకిళ్లూ కడుక్కుంటూ వచ్చి ఆఖరికి మా గుడిసెల్లో నిలబడేది. వేసంగిలో పడమటి గాలి తోలేది. మా లందల వాసన ఊరి మీదికి పోయేది కాదు. ఊరి పెంటకుప్పల వాసన మాత్రం నేరుగా మా మీదికే వచ్చేది.

ఇదంతా ఎవరూ కూర్చుని గీయలేదు, తరతరాలుగా అలా వచ్చింది అంటారు పెద్దమనుషులు. ఒక్క ఊళ్లో అయితే సరేనని ఊరుకోవచ్చు. ఒంగోలు నుంచి తెనాలి దాకా నేను తిరిగిన ఊళ్లలో పల్లె ఎక్కడని దారి అడగాల్సిన పని నాకు పడలేదు. మురిక్కాలవ ఎటు పారుతుందో అటు నడిస్తే చాలు. ఇంజనీర్లు టౌన్ ప్లానింగ్ అని ఒక మాట వాడతారు. ఈ దేశంలో మనువుని మించిన టౌన్ ప్లానరు ఇంకా పుట్టలేదు. చండాలుడి ఇల్లు ఊరి వెలపల ఉండాలని రాసిపెట్టింది ఆ ధర్మశాస్త్రమే. రాజులు మారారు, నవాబులు పోయారు, దొరలు వచ్చి వెళ్లారు. ఆ ప్లాను మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు. మాలపల్లెకీ మాకూ మధ్య ఉన్న ఆ డొంక కూడా అందులో భాగమే. ఆ డొంక సంగతి మాట్లాడితే ఐక్యత చెడుతుందని చాలాకాలం మా నోళ్లు నొక్కారు. 1994లో మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా మోగింతర్వాత గానీ దాని గురించి బయటికి మాట్లాడటం కుదరలేదు.

ఎత్తుపల్లాల తర్వాత చెప్పుకోవాల్సింది గుడిసె కింద నేల సంగతి. ఊరోళ్ల ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి. ఆ జాగా ఎవరి ఇంటి కింద ఉంటే వాళ్లది. మా గుడిసెల్లో చాలా వాటి కింద నేల మాత్రం ఆసామి పట్టా భూమి. పాలేరుతనం మానేస్తే గుడిసె పీక్కుని పోవాలి. కూలి పెంచమని అడిగిన పాపానికి మా తాత వాసాలూ తాటాకులూ నెత్తిన పెట్టుకుని రెండుసార్లు చోటు మారాడని మా అవ్వ చెప్పేది. కూలి కోసం కొట్లాడే మనిషికి ముందు కాళ్లు ఆనించుకునే చోటు ఉండాలి. ఆ చోటు ఎదుటోడి చేతిలో ఉంటే కొట్లాట ఎట్టా సాగుతుంది?

మద్రాసు ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ అనే అధికారిని పెట్టి, అణగారిన కులాలకు ఇళ్ల స్థలాలు సేకరించటం, బావులు తవ్వించటం, బళ్లు పెట్టటం ఆయనకి అప్పగించింది. ఊళ్లల్లో దాన్ని లేబరు అనే పిలిచారు, లేబరు బడి, లేబరు బావి. స్థలం ఊరికే ఇవ్వలేదు. సహకార సంఘాలు పెట్టించి, ఖరీదు వాయిదాల మీద రాబట్టుకుంది. ఏ భూమికైతే తరాల తరబడి చాకిరీ చేశారో ఆ భూమిలో నాలుగు సెంట్లు కొనుక్కోవటానికి మళ్లీ కూలి డబ్బులు కట్టారు మనవాళ్లు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చాటింది. 1922లో ప్రభుత్వం కాగితాల్లో కూడా ఆ పేరు ఒప్పుకుంది. పేరు మారింది గానీ దిక్కు మారలేదు. మా పక్క ఊళ్లో లేబరు వాళ్లు ఇచ్చిన స్థలం కూడా పాత పల్లెకి తూర్పునే, ఇంకో మూరెడు పల్లానికే వచ్చింది.

మనకి నిర్మాణం తెలియదని, కట్టిస్తే ఉండటమే తెలుసని అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ధాత కరువు చరిత్ర చదవాలి. 1876 నుంచి 1878 దాకా ఈ నేల మీద జనం పిట్టల్లా రాలిపోయిన రోజుల్లో, ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. వేరే పనుల దగ్గర మాదిగోళ్లని రానివ్వకపోవటం, వస్తే కూలి ఎగ్గొట్టటం జరిగేది. అందుకని ఆయన శిబిరానికి దూరదూరం నుంచి మాదిగ జనం నడిచొచ్చారు. పార పట్టారు, తట్ట మోశారు. కరువు పని అయ్యేదాకా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. మిషను చరిత్రలు ఆ బాప్తిస్మాల లెక్కని గొప్పగా రాసుకున్నాయి. నాకు కాలవ లెక్క ముఖ్యం. పడవలు నడిచే కాలవ మనవాళ్ల చేతుల మీద తయారైంది. ఆనకట్ట కట్టినా, కాలవ తవ్వినా, రోడ్డు వేసినా మట్టి మోసింది ఈ కులాలే. నాగార్జునసాగర్ దగ్గరికి పాలమూరు నుంచి వచ్చిన లేబరులో ఎవరున్నారో అందరికీ తెలుసు. తవ్వినోళ్ల పల్లెకి ఆ నీళ్ల పంపు ఎప్పుడొచ్చిందన్నది తర్వాతి కథ.

ఆ బాప్తిస్మాలతో మా పల్లెలకి ఒక కట్టడం వచ్చింది. ప్రార్థన ఇల్లు. మట్టి గోడలు, తాటాకు కప్పు, ముందు ఒక అరుగు. పగలు అదే బడి. రాత్రి అదే పాటల చోటు. తుఫాను వస్తే పిల్లల్నీ ముసలోళ్లనీ అందులోకి తోసేవాళ్లు. కొట్లాటలు తీర్చుకునేది దాని అరుగు మీదనే. కూలి రేటు ఎంత అడగాలో మాట్లాడుకున్నది కూడా అక్కడే. మా నాయన ఓనమాలు దిద్దింది ఆ మట్టి నేల మీదే. ఊళ్లో బడి ఉంది గానీ ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఒక్క గదిని ఇన్ని రకాలుగా వాడుకోవటం ఏ ఆర్కిటెక్టూ మావోళ్లకి నేర్పలేదు. ఇప్పుడు గవర్నమెంటు కట్టిచ్చిన కమ్యూనిటీ హాలుకి తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కునేసరికి పెళ్లయిపోతుంది.

పాత పల్లె బాగుండేదని చెప్పటం లేదు. పాములు తిరిగేవి. వేసంగిలో ఒక్క నిప్పురవ్వకి ముప్పై గుడిసెలు పోయేవి. కానీ ఆ బురదలో కూడా మావోళ్లు తమ బతుక్కి తగ్గట్టు ఒక అమరిక చేసుకున్నారు. దాన్ని ఎవరూ చూడలేదు, రాయలేదు కాబట్టి చెబుతున్నా. గుడిసెలు రోడ్డుకి ముఖం పెట్టి ఉండేవి కావు, ఒకదానికొకటి ఎదురుగా ఉండేవి. నాలుగైదు గుడిసెల మధ్య ఒక వాకిలి. ఆ వాకిట్లో ఒక రోలు, అందరిదీ. తల్లి కలుపుకి పోతే బిడ్డ ఏ గుడిసె ముందు ఏడ్చినా ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్లు. వేపచెట్టు కింద తాత ఆరె, రంపె పెట్టుకుని చెప్పులు కుట్టేవాడు. తూర్పు చివర లందలు, తంగేడు చెక్క నానేసిన కుండలు. డప్పు కాచుకోవటానికి మంట వేసే ఖాళీ జాగా వేరే ఉండేది, గడ్డి కప్పులకి దూరంగా. పెళ్లి పందిరి రెండు గుడిసెల మీదుగా వేసేవాళ్లు. మనిషి పోతే శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి తెల్లార్లూ పాడేవాళ్లు. వాకిలి అందుకు సరిపోయేది.

ఇక నీళ్లు. ఎక్కడ పల్లె చరిత్ర మొదలుపెట్టినా నీళ్ల దగ్గరికి రావాల్సిందే. ఊరి మంచినీళ్ల చెరువు మెట్లు మేము దిగకూడదు. బిందెలు వరసగా గట్టు కింద పెట్టి, ఎవరైనా దయతలిచి చేదతో పైనుంచి పోస్తే పట్టుకోవాలి. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు మా అమ్మ నన్ను ఆ వరసలో నిలబెట్టి పనికి పోయేది. పోసే మనిషి రాకపోతే బడి గంట వినపడుతూనే ఉండేది, నేను అక్కడే ఉండేవాణ్ణి. హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా పడ్డ సున్నాల్లో సగం ఆ గట్టు దగ్గరివే. అప్పటికి చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1924లోనే మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టి గెలిపించాడు, ప్రభుత్వ రోడ్లు, బావులు, చెరువులు, ఆఫీసులు అందరివీ అని. బొంబాయిలో అలాంటి తీర్మానమే 1923లో వచ్చింది. దాన్ని నిజం చేయటానికి అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టాల్సి వచ్చింది, ఆయన వెంట వచ్చినవాళ్లు దెబ్బలు తినాల్సి వచ్చింది. 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాసుకున్నాం. ప్రపంచంలో ఎన్ని రాజ్యాంగాల్లో బావి అనే మాట ఉంటుంది? మన దేశంలో రాయక తప్పలేదు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. నేను గట్టు కింద నిలబడింది ఇవన్నీ వచ్చాకే.

కారంచేడు కూడా నీళ్ల దగ్గరే మొదలైంది. 1985 జూలై 16. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర పెద్దకులం కుర్రవాళ్లు గేదెల కుడితి బకెట్లు కడిగి మురికి చేస్తుంటే కత్తి చంద్రయ్య అడ్డం చెప్పాడు. ఆ పిల్లాణ్ణి కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. అంతే. తెల్లారి 17వ తేదీన ఊరు ఊరంతా పల్లె మీద పడింది. ఆరుగురు మాదిగలు చచ్చిపోయారు. ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాలు చెప్పతరం కాదు. బతికినవాళ్లు పొలాల వెంట పరిగెత్తి చీరాల చేరారు, చర్చి ఆవరణలో శిబిరం పెట్టారు. సెప్టెంబరులో అక్కడే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లు ఆ ఉద్యమానికి ముందు నిలబడ్డారు. ఇవన్నీ మనకి తెలిసినవే. తక్కువగా చెప్పుకునేది ఇంకొకటుంది. ఊరికి తిరిగి రమ్మని, రక్షణ ఇస్తామని, ఇళ్లు బాగుచేయిస్తామని పిలిచినా కారంచేడు మాదిగలు పోలేదు. ఆ ఊళ్లో మళ్లీ ఉండం అన్నారు. చివరికి చీరాల పక్కన వాళ్లకి కాలనీ వచ్చింది, విజయనగర్ కాలనీ. మన చరిత్రలో ఎక్కడ ఉండాలో మనమే చెప్పి, అక్కడ ఉన్న సందర్భాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇదొకటి.

పారిపోయారని ఆనాడు ఎకసెక్కం ఆడినవాళ్లున్నారు. కలిసి బతకాలి గానీ విడిపోతే ఎట్లా అని బాధపడ్డ అభ్యుదయవాదులూ ఉన్నారు. వాళ్లు అంబేద్కర్‌ని చదివి ఉంటే అంత ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత అణగారిన వర్గాల మహాసభ, అంటరానివాళ్లకి వేరే ఊళ్లు కావాలని తీర్మానించింది. 1947లో ఆయన రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఒక సెటిల్‌మెంట్ కమిషన్ పెట్టి, ప్రభుత్వ బంజర్లు దాని చేతిలో ఉంచి, ఆ భూముల్లో దళితుల ఊళ్లు కట్టాలని ఉంది. ఉత్త ఇళ్లు కాదు, భూమితో సహా ఊళ్లు. మన ప్రభుత్వాలు ఆ ప్రతిపాదనలో భూమిని తీసేసి, వేరే అనే మాటని మాత్రం ఉంచుకుని, దానికి కాలనీ అని పేరు పెట్టాయి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లెటూరి గొప్పలు పాడేవాళ్ల ముందు నిలబడి, ఊరు సంకుచితానికీ అజ్ఞానానికీ పుట్టిల్లని ఆయన అంటే చాలామందికి కోపమొచ్చింది. కోపమొచ్చినవాళ్లలో చెరువు గట్టు కింద బిందె పట్టుకుని నిలబడ్డవాడు ఒక్కడూ ఉండడు.

చుండూరుది ఇంకో దారి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికినవాళ్లు చనిపోయినవాళ్లని ఊరవతల వల్లకాట్లో పెట్టలేదు. నలుగురూ తిరిగే చోట పూడ్చుకుని రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా అక్కడికి జనం వస్తారు. విచారణ కూడా ఎక్కడో పట్నంలో కాదు, చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించారు. నేరం జరిగిన ఊళ్లోనే అట్రాసిటీ కేసుకి కోర్టు కూర్చోవటం దేశంలో అదే మొదలు. 2007లో అక్కడ 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పుల సంగతి వేరే రాయాలి. నేను చెబుతున్నది చోటు గురించి. సాక్ష్యం చెప్పటానికి కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని, ముద్దాయిలెక్కిన బస్సే ఎక్కి పట్నం పోవాల్సిన అవసరం లేకుండా, కోర్టే పల్లె దగ్గరికి వస్తే ఏమవుతుందో చుండూరు సాక్షులు చూపించారు. గడగడా చెప్పారు, వెనక్కి తగ్గలేదు. పోలింగు బూతు, రేషన్ కొట్టు, ఆసుపత్రి, బడి, బస్సు ఆగే చోటు, ఇవన్నీ అంతే. అవి పెద్దబజారులో ఉంటే మేము అక్కడికి పోవాలి, చెప్పులు విప్పని కాలం వచ్చినా చూపులు దాటుకుంటూ పోవాలి. అందర్నీ కలపటం అంటే మా ఇంటిని తీసుకెళ్లి వాళ్ల బజార్లో పెట్టటమని అనుకుంటారు. బస్సు మా పల్లె చివర తిరిగి వెనక్కి పోతే చాలు, ఊరంతా మా ముందు నుంచే నడుస్తుంది.

మా ఊరి కాలనీ ఎనభైల్లో వచ్చింది. 1979లో రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ ఏర్పడ్డాక, పక్కా ఇళ్లు అనే మాట ప్రతి నాయకుడి నోటా వినపడిన రోజులవి. సిమెంటు ఇల్లంటే మాకు పండగే. అగ్గి భయం పోయింది, తడిసిన చాపల మీద నిద్ర పోయింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. పట్టా చేతికి రాగానే మా నాయన ఆసామి ఇంటికి పోయి, రేపటినుంచి పాలేరుతనానికి రానని చెప్పి వచ్చాడు. అంత బలం ఆ కాగితానికి ఉంది. అయితే ఆ ఇళ్ల ప్లాను ఎక్కడో పట్నంలో బల్ల మీద గీసింది. శ్రీకాకుళానికీ అనంతపురానికీ ఒకటే ప్లాను. ఒక గది, చిన్న వరండా, వరసగా పోలీసు బారకాసుల్లాగా. ముఖాలన్నీ ఒకే వైపు. మా అమ్మ రోలు పెట్టే చోటు లేదు. గేదెని కట్టే చోటు లేదు. తాత ఆరె, రంపె అటక మీదికి పోయాయి, మళ్లీ దిగలేదు. కొడుక్కి పెళ్లయితే ముసలోళ్లు వరండాలోకి, వానొస్తే చర్చిలోకి. ఇక వాకిలి అసలు లేదు. గడప దిగితే సందు, సందు పక్కన కాలవ.

కాలనీకి వచ్చిన నాలుగో ఏడు మా అవ్వ పోయింది. శవాన్ని పడుకోబెట్టటానికి వాకిలి లేక సందులో మంచం వేశాం. అటూ ఇటూ మనిషి నడవటానికి లేదు. పాడె కట్టాక తెలిసింది, సందు మలుపులో పాడె తిరగదని. నలుగురూ మోస్తున్నవాళ్లు ఆగిపోయారు. చివరికి పాడెని పక్కకి వాల్చి, అవ్వ జారిపోకుండా నడుముకి గుడ్డ కట్టి, ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి అందించి బయటికి తెచ్చారు. బతికినన్నాళ్లూ ఒకరి ముందు ఒంగకుండా నడిచిన మనిషి. అక్కడినుంచి వల్లకాటికి దారి కూడా చేలల్లోంచే. నాట్లేసిన రోజులు, గట్టు మీద ఒక్క మనిషి నడిచే వెడల్పే ఉంది. మోకాటిలోతు బురదలో మోశాం. చేను తొక్కారని మర్నాడు పంచాయితీ.

అదే కాలంలో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు, పడమటి కొసన. ఎత్తున ఉంటే నీళ్లు బాగా పారతాయని ఇంజనీరు చెప్పాడు. నిజమే, నీళ్ల శాస్త్రం ప్రకారం అది సరైందే. కానీ పైపులు ఆ శాస్త్రం ప్రకారం వెయ్యలేదు. ఊళ్లో నాలుగంగుళాల పైపు, బీడు దాటేసరికి రెండంగుళాలు, మా పల్లెలో ముప్పావు. దారిలో ప్రతి ఇంటికీ కుళాయి, సగం కుళాయిలకి మోటార్లు. మా దగ్గరికి వచ్చేసరికి గాలి బుస్సుమంటది. దీనికి మందు కనిపెట్టనక్కర్లేదు. ట్యాంకు నుంచి పల్లెకి విడిగా ఒక లైను, దానికి విడిగా ఒక వాల్వు, పొద్దున్నే ముందు ఆ వాల్వు తిప్పే పద్ధతి. కాలవల కింద వ్యవసాయంలో చివరి ఆయకట్టుకి ముందు నీళ్లివ్వాలని రైతులే ధర్నాలు చేస్తారు, అది న్యాయమని పేపర్లు రాస్తాయి. తాగే నీళ్లకి వచ్చేసరికి చివరి భూముల న్యాయం ఎవరికీ గుర్తుండదు.

ఈమధ్య కొత్త మాట ఒకటి వింటున్నాం. మన సంస్కృతిలో వేళ్లున్న ఊళ్లు, నగరాలు కట్టాలట. మండువా లోగిళ్లు, రచ్చబండలు, కోనేళ్లు, గోపురాల ఆకారంలో ఆఫీసులు. వింటే నాకు భయమేస్తుంది. మండువాలో మా అవ్వ ఏనాడూ అడుగుపెట్టలేదు, పెరటి దోవన పోయి పేడ తీసి వచ్చింది. రచ్చబండ మీద మా తాత కూర్చోలేదు, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమరావతి రాజధాని గురించి మాట్లాడిన రోజుల్లో బౌద్ధ వారసత్వం అని చాలా అన్నారు. బుద్ధుడి పేరు చెప్పిన ఆ నగరంలోనే, 2015, 2016 ఉత్తర్వుల్లో, దళితుల చేతుల్లో ఎక్కువగా ఉన్న అసైన్డ్ భూమికి ఇచ్చే ప్లాటు పట్టా భూమికి ఇచ్చే ప్లాటు కంటే తక్కువ పెట్టారు. స్తూపం ఆకారం ఎవరైనా గీస్తారు. సంస్కృతి కావాలంటే మా వాకిలి కొలత తీసుకోండి, మా రోలు చోటు, డప్పు కాచుకునే జాగా కొలత తీసుకోండి. అవి ఏ పుస్తకంలోనూ లేవు, అడిగితే మా ఆడవాళ్లు చెబుతారు.

విగ్రహాల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు లేచాయి. చూసి కళ్లు చెమర్చినవాళ్లలో నేనూ ఉన్నాను. పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో మిగతా నాయకుల విగ్రహాలున్న చోట మనవాళ్లు మనిషెత్తు అంబేద్కర్‌ని పెడితే, ఊరు వాళ్లని వెలేసింది. కూలి లేదు, కౌలు లేదు, కొట్లో సరుకు లేదు. పల్లెలో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదట. నగరంలో ఆయన ఎంత ఎత్తున్నా పర్వాలేదు, ఊళ్లో మాత్రం మురుగు పారే వైపే నిలబడాలి.

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా ఇళ్ల పట్టాలు పంచటం మొదలుపెట్టారు, దాదాపు 30 లక్షల మందికి, ఆడవాళ్ల పేరు మీద. ఊళ్లల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటున్నరంటే 72 గజాల పైచిలుకు. కాలనీలో పుట్టి పెరిగిన మా పిల్లల తరానికి ఆ స్థలాలు వచ్చాయి. ఆడవాళ్ల పేరు మీద పట్టా పెట్టటం మంచి పని, తాగుబోతు మొగుడు అమ్ముకోలేడు. లేఔటు రాళ్లు పాతటానికి సర్వేయరు వచ్చిన రోజు మా పల్లె ఆడవాళ్లు ముప్పై మంది దాకా అక్కడికి పోయారు. పోయేముందు రాత్రి చర్చి ముందు ముగ్గుపిండితో నేల మీద గీసుకుని లెక్క చూసుకున్నారు. మా మేనకోడలు డిప్లొమా చదివింది, టేపు పట్టుకుంది. పాడె పొడుగెంత, మోసేవాళ్లతో కలిపి మలుపులో ఎంత కావాలి, ఆటో తిరగటానికి ఎంత, మూడిళ్లకి ఒక వాకిలి వస్తుందా రాదా అని.

“సారూ, ఈ సందు మలుపు ఇంకో మూడడుగులు పెంచాలి” అంది మా పెద్దక్క.

“ఎందుకమ్మా?”

“రేపు నేను చస్తే నన్ను నిటారుగా తీసుకపోతారా?”

ఆయన నవ్వలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. పైనుంచి వచ్చిన లేఔటు, నా చేతిలో లేదమ్మా అన్నాడు. కాగితం ఇస్తే పైకి పంపిస్తానన్నాడు. ఇచ్చారు. ఆరు సంగతులు రాశారు: మలుపులు వెడల్పు చెయ్యాలి, కాలనీ మట్టం రోడ్డు కంటే ఎత్తు లేపాలి, వల్లకాటికి దారి సర్వే చేసి పంచాయతీ పేరున రాయాలి, అంగన్‌వాడీ ఊరికీ కాలనీకీ నడిమధ్య కట్టాలి, నీళ్లకి విడిగా లైను కావాలి, ఒక ఖాళీ స్థలం ఎవరికీ ఇవ్వకుండా ఉంచాలి. ఖాళీ స్థలం ఎందుకో రాయలేదు. ఎవరైనా అడిగితే డప్పుకనీ, పందిరికనీ, శవానికనీ చెప్పుకుందాం అనుకున్నారు.

జవాబు రాలేదు. ఇళ్లు మొదలుపెట్టేటప్పుడు మలుపు దగ్గరి నాలుగిళ్లవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక్కొక్కరూ అడుగున్నర చొప్పున గోడ లోపలికి జరుపుకుని కట్టారు. సెంటున్నరలో అడుగున్నర. వాళ్లలో ఇద్దరు మాలపల్లె కోడళ్లు. ఎదురెదురు గోడలు జరిగేసరికి మలుపు దగ్గర మూడడుగులు పెరిగింది. మట్టం లేపటానికి ట్రాక్టరు మట్టి చందాలేసుకుని తోలించుకున్నారు. వల్లకాటి దారి కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఇంకా తిరుగుతున్నారు. ఈసారి కాగితం మీద ఊరి చాకలి, కుమ్మరి ఇళ్లవాళ్లు కూడా సంతకాలు పెట్టారు, వాళ్ల దారి కూడా అదే చేలల్లోంచి కాబట్టి. నీళ్ల లైను మాత్రం పాత ముప్పావు పైపుకే అతికించి ఇచ్చారు.